నేల లేని లోకాలకూ భూగోళం ఉంది

పొచింకి ఎక్కడుందని అడగండి, ఇంటర్ చదివే కుర్రాళ్లు చాలామంది ఠక్కున చెప్పేస్తారు. ఎరాంగెల్ దీవిలో, ఇంచుమించు నడిమధ్య. అక్కడి నుంచి దక్షిణంగా వెళ్తే వంతెనలొస్తాయి, అవి దాటితే మిలిటరీ బేస్. వాయవ్యంలో జార్జొపోల్ రేవు. ఏ కొండెక్కితే ఏ రోడ్డు కనబడుతుందో, ఏ మేడ వెనక నక్కితే ప్రాణం దక్కుతుందో వాళ్లకు కంఠతా వచ్చు. ఆ దీవి మాత్రం భూమ్మీద ఎక్కడా లేదు. అది పబ్‌జీ ఆటలోది. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఆ ఆటను నిషేధిస్తే, 2021 జులైలో బీజీఎంఐ పేరుతో అదే దీవి మళ్లీ మన ఫోన్లలోకి వచ్చింది.

ఎరాంగెల్ 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు. ఆటలో పటం తెరిస్తే కిలోమీటరుకో గీత కనిపిస్తుంది. దగ్గరికి జరుపుకుంటే వంద మీటర్లకో గీత. తెర పైభాగాన దిక్సూచి పట్టీ, దాని మీద డిగ్రీలు. “240లో ఇద్దరున్నార్రా” అని ఒకడు కేకేస్తే జట్టులో మిగతా ముగ్గురూ నైరుతి వైపు తుపాకులు తిప్పుతారు. ఆటగాళ్లు లోపలే ఉండాల్సిన వలయం కుంచించుకుపోయేలోపు ఎంత దూరం పరుగెత్తాలో, మధ్యలో ఏ గుట్ట అడ్డొస్తుందో క్షణాల్లో లెక్క తేలుస్తారు. పరీక్షలో మ్యాప్ పాయింటింగ్ ప్రశ్న వదిలేసి వచ్చే పిల్లాడు సైతం ఇక్కడ స్కేలు, దిక్కు, దూరం, ఎత్తుపల్లాలు అన్నీ కలిపి చూస్తున్నాడు.

ఇంటర్నెట్ విస్తరిస్తున్న రోజుల్లో పండితులు చెప్పిన జోస్యం వేరు. ఇక ఎవరు ఎక్కడున్నారన్నది లెక్కలోకి రాదన్నారు. బ్రిటన్ ఆర్థిక రచయిత్రి ఫ్రాన్సిస్ కెయిర్న్‌క్రాస్ 1997లో దూరానికి కాలం చెల్లిందంటూ ఓ పుస్తకమే రాశారు. సమాచారం మట్టుకు ఆ మాట చాలావరకు నిజమైంది. కానీ మనుషులు కంప్యూటర్లలో లోకాలు కట్టుకోవడం మొదలుపెట్టగానే భూగోళశాస్త్రం దొడ్డిదారిన లోపలికి వచ్చేసింది. హద్దులు, స్థలాల ధరలు, రోడ్డు పక్క బిట్టుకు గిరాకీ, సర్వే తప్పులు, పటంలో చోటు దక్కని పేటలు, అన్నీ దాని వెంటే వచ్చాయి. ఇప్పుడు అసలు భూమి పటాలే నేరుగా ఈ లోకాల్లోకి ప్రవహిస్తున్నాయి.

సర్వర్‌కు పదహారెకరాలు

ఇలాంటి కంప్యూటర్ లోకాలకు వాడే ‘మెటావర్స్’ అనే మాటను పుట్టించింది అమెరికన్ నవలాకారుడు నీల్ స్టీఫెన్‌సన్. 1992లో వచ్చిన ‘స్నో క్రాష్’ నవలలో ఆయన ఊహించిన లోకం ఓ గోళం. దాని చుట్టుకొలత 65,536 కిలోమీటర్లు. ఈ అంకె గాలిలోంచి ఊడిపడలేదు. రెండును పదహారుసార్లు వేసుకుని గుణిస్తే వచ్చేది అదే. కంప్యూటర్ లెక్కంతా రెండు మీదే నడుస్తుంది కాబట్టి అక్కడి భూమికి కూడా రెండ్ల కొలతే పెట్టాడు రచయిత.

పదకొండేళ్ల తర్వాత, 2003 జూన్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన లిండెన్ ల్యాబ్ ‘సెకండ్ లైఫ్’ను జనానికి తెరిచింది. అందులో గెలుపోటముల్లేవు. ఓ బొమ్మ శరీరం ధరించి తిరగొచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు. అక్కడి నేలను ‘రీజియన్’ లెక్కన కొలుస్తారు. ఒక్కో రీజియన్ 256 మీటర్ల పొడవు, 256 మీటర్ల వెడల్పు. వైశాల్యం సరిగ్గా 65,536 చదరపు మీటర్లు, మన కొలతల్లో పదహారెకరాల పైచిలుకు.

ఇంతకీ పదహారెకరాలే ఎందుకు? ఆ ముక్కలో చెట్లు కదలాలన్నా, తలుపులు తెరుచుకోవాలన్నా, తిరిగే మనుషులు ఒకరికొకరు కనబడాలన్నా లెక్కలు చేసే యంత్రం ఒకటుండాలి. మొదట్లో ఒక రీజియన్ బరువంతా ఒక సర్వర్ మోసేది. పక్క రీజియన్‌లోకి అడుగుపెడితే మిమ్మల్ని ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి అప్పగించేవారు. పొలిమేర దాటేటప్పుడు తెర ఓ క్షణం తటపటాయించేది అందుకే. అంటే ఆ లోకంలో భూమి ఊరికే పుట్టదు. కొత్తగా పదహారెకరాలు కావాలంటే ఎక్కడో నిజం గదిలో, నిజం కరెంటుతో ఇంకాస్త యంత్రబలం నడవాలి. నేల కొరత అక్కడా వాస్తవమే. అందుకే ధర పలికింది. చైనాలో పుట్టి జర్మనీలో స్థిరపడిన ఒక మహిళ ‘ఆన్షే చుంగ్’ పేరుతో అక్కడి స్థలాలు కొని, తీర్చిదిద్ది, ముక్కలు చేసి అమ్మింది. 2006 మేలో ‘బిజినెస్ వీక్’ పత్రిక ఆమె బొమ్మ శరీరాన్ని ముఖచిత్రంగా వేసింది.

ఆ లోకపు తొలి రోజుల్లో ఓ ముచ్చట జరిగింది. దాన్ని భూగోళశాస్త్ర తరగతిలో పాఠంగా చెప్పొచ్చు. మొదట్లో దూరప్రయాణం చేయాలంటే ‘టెలిహబ్’ అనే మజిలీల దగ్గరే దిగాలి. అక్కడి నుంచి నడుచుకుంటూనో ఎగురుకుంటూనో కావలసిన చోటికి పోవాలి. దాంతో టెలిహబ్‌ల చుట్టూ దుకాణాలు కిక్కిరిశాయి, స్థలాలకు రెక్కలొచ్చాయి. బస్టాండు పక్క బిట్టుకు ఉండే గిరాకీ అన్నమాట. 2005 చివర్లో సంస్థ ఆ పద్ధతి తీసేసి, ఎవరైనా ఎక్కడికైనా నేరుగా దిగొచ్చంది. మజిలీల పక్కన డబ్బు పోసి స్థలం కొన్నవాళ్లు గగ్గోలు పెట్టారు. బైపాస్ పడ్డాక పాత హైవే హోటళ్లకు పట్టే గతే వాళ్లకూ పట్టింది. మట్టి సారం, నీటి వసతి ఏమీ లేని చోట సైతం రాకపోకల దారి ఒక్కటే భూమి విలువను నిర్ణయించిందని తేలింది.

2020 ఫిబ్రవరిలో జనానికి తెరుచుకున్న ‘డీసెంట్రలాండ్’ ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడి ప్లాట్లన్నీ సమానం: 16 మీటర్లకు 16 మీటర్లు, అంటే దాదాపు 306 గజాలు. తూర్పు-పడమరలకు 301, ఉత్తర-దక్షిణాలకు 301 చొప్పున మొత్తం 90,601 ప్లాట్లు. అంతకుమించి పుట్టవని ముందే రాసుకున్నారు. 2021 నవంబరులో అక్కడి ‘ఫ్యాషన్ స్ట్రీట్’లో కొంత స్థలం దాదాపు 24 లక్షల డాలర్లకు అమ్ముడైంది. ఆ మోజు ఎంతోకాలం నిలవలేదు. 2022 నుంచి ధరలు దారుణంగా పడిపోయాయి. జనం రాని వెంచర్లో హద్దురాళ్లు ఎంత చక్కగా పాతినా లాభం లేదని రియల్ ఎస్టేట్ తెలిసిన మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

డెన్మార్క్‌ను ఇటుకల్లో పేర్చారు

ఊహాలోకాలు కట్టుకోవడం ఒక ఎత్తు, ఉన్న దేశాన్ని ఉన్నట్టు కంప్యూటర్లో దింపడం ఇంకో ఎత్తు. ‘మైన్‌క్రాఫ్ట్’ అనే ఆట ఈ రెండో పనికి ప్రయోగశాల అయింది. స్వీడన్‌లో 2009లో పురుడు పోసుకున్న ఈ ఆటలో లోకమంతా ఘనాకారపు ఇటుకలే. ఒక్కో ఇటుక మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు. మట్టి, రాయి, నీరు, గడ్డి అన్నీ ఇటుకలే.

2013లో బ్రిటన్ సర్వే సంస్థ ఆర్డినెన్స్ సర్వే తన పటాలతో గ్రేట్ బ్రిటన్‌ను మైన్‌క్రాఫ్ట్‌లో నిర్మించింది. మొత్తం 2,200 కోట్ల ఇటుకలు పట్టాయి. అందులో ఒక్కో ఇటుక 50 మీటర్ల నేలకు గుర్తు. మరుసటి ఏడాది దాన్ని 25 మీటర్లకు తగ్గించి ఇంకాస్త వివరంగా తయారుచేస్తే లెక్క 8,300 కోట్లకు చేరింది.

2014 ఏప్రిల్‌లో డెన్మార్క్ ప్రభుత్వ భూసమాచార సంస్థ మరీ సాహసించింది. మీటరుకు మీటరు, దేశం మొత్తం. ఇళ్లు, రోడ్లు, రైలు పట్టాలు, చెరువులు అన్నీ కలిపి దాదాపు 4 లక్షల కోట్ల ఇటుకలు. డెన్మార్క్‌కు ఇది సాధ్యం కావడంలో అక్కడి నైసర్గిక స్వరూపం పాత్ర ఉంది. అప్పట్లో మైన్‌క్రాఫ్ట్ లోకం ఎత్తు 256 ఇటుకలే, అంతకుమించి పైకి పేర్చడానికి లేదు. డెన్మార్క్‌లో అతి ఎత్తయిన సహజ ప్రదేశం మొల్లెహోయ్ సముద్రమట్టానికి 171 మీటర్లే. దేశానికి దేశం ఆ కప్పు కింద ఇమిడిపోయింది. సముద్రమట్టానికి 800 మీటర్లకు పైగా ఉండే మన తిరుమలను అదే కొలతతో అందులో పెట్టబోతే కొండ సగం కాకముందే ఆకాశం తగిలేది.

ఆ డెన్మార్క్ మీద ఓ దాడి కూడా జరిగింది. ఎవరూ ఊళ్లు పేల్చకుండా డైనమైట్ వాడకాన్ని నిర్వాహకులు ముందే ఆపేశారు. కానీ డైనమైట్ నింపిన గనిబండిని ఆపడం మరిచారు. కొందరు ఆ సందు కనిపెట్టి ఇళ్లు పేల్చి, ఖాళీ అయిన చోట అమెరికా జెండాలు పాతారు. సర్వే శాఖ చరిత్రలో ఇలాంటి దురాక్రమణ బహుశా అదే మొదటిది.

2020 మార్చిలో మొదలైన ‘బిల్డ్ ది ఎర్త్’ ఉద్యమం ఈసారి ఏకంగా భూగోళం మొత్తాన్ని ఎంచుకుంది. కొలత మీటరుకు మీటరే. ప్రపంచం నలుమూలల నుంచి ఔత్సాహికులు తమ తమ వీధులు తామే కట్టుకుంటున్నారు. వాళ్లకు ఎదురైన చిక్కులు రెండు. మొదటిది ఎత్తు. 8,849 మీటర్ల ఎవరెస్టు పట్టాలంటే ఆట కప్పునే ఎగరగొట్టాలి. ఆటకు అదనపు హంగులు జోడించి దాన్ని సాధించారు. రెండోది వేల ఏళ్లుగా పటాలు గీసేవాళ్లను వేధిస్తున్న చిక్కే. భూమి గుండ్రం, మైన్‌క్రాఫ్ట్ నేల బల్లపరుపు. బత్తాయి తొక్కను చింపకుండా, సాగదీయకుండా బల్ల మీద పరచలేం. భూమి సంగతీ అంతే.

1569లో మెర్కేటర్ గీసిన పద్ధతిలో ఆకారాలు చెడవు గానీ ధ్రువాల వైపు పోయేకొద్దీ వైశాల్యాలు ఉబ్బుతాయి. నిజానికి ఆఫ్రికాలో 14 గ్రీన్‌లాండ్‌లు పడతాయి. ఆ పటంలో రెండూ ఇంచుమించు ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. మీటరుకు మీటరు కడతామన్నవాళ్లకు ఈ ఉబ్బు పనికిరాదు. నార్వేలో ఇంటి గోడ రెండింతలైపోతుంది. అందుకని వాళ్లు అమెరికన్ రూపశిల్పి బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ 1954 నాటి ‘ఎయిరోషన్’ పటాన్ని ఆశ్రయించారు. ఆయన భూమిని ఇరవై ముక్కోణపు ముఖాలుగా విడదీసి, కోతలు వీలైనంతవరకు సముద్రాల మీదుగా పోయేలా విప్పాడు. ఖండాలు పెద్దగా సాగకుండా, విరగకుండా నిలుస్తాయి. దాన్ని ఇంకాస్త సవరించి వాడుకున్నారు. పాత పటాల పెట్టెలో మరుగునపడ్డ ఓ విధానం ఇటుకలాట పుణ్యమా అని మళ్లీ వెలుగు చూసింది.

లోకం అంచున ఏముంది?

కంప్యూటర్లోని లోకం ఎంత పెద్దదైనా అంకెలు అయిపోయిన చోట ఆగిపోతుంది. మైన్‌క్రాఫ్ట్ తొలి కూర్పుల్లో లోకం మధ్య నుంచి దాదాపు 1 కోటి 25 లక్షల ఇటుకల దూరం నడిస్తే నేల ఒక్కసారిగా పిచ్చెత్తేది. కొండలు నిలువు గోడలైపోయి, వాటి నిండా సొరంగాలు. ఆటగాళ్లు దానికి ‘ఫార్ ల్యాండ్స్’ అని పేరు పెట్టారు. కొండలూ లోయలూ ఎక్కడ ఉండాలో తేల్చే సూత్రంలోని అంకె ఆ దూరానికి 32 బిట్ల గిన్నె అంచు దాటి పొర్లిపోవడమే కారణం. 2011 సెప్టెంబరులో వచ్చిన కూర్పుతో ఆ వింత మాయమైంది. కానీ అదే ఏడాది మార్చిలో ఓ అమెరికన్ పాత కూర్పులోనే ఫార్ ల్యాండ్స్ వైపు కాలినడకన బయల్దేరాడు. ఆ యాత్రను చూపిస్తూ పిల్లల ఆసుపత్రులకు విరాళాలు పోగుచేశాడు. లేని లోకపు అంచుకు నిజమైన తీర్థయాత్ర!

భూమి అంత లోకం కట్టేవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. ఆటలు వస్తువుల స్థానాన్ని సాధారణంగా 32 బిట్ల దశాంశ సంఖ్యలుగా దాచుకుంటాయి. అందులో నమ్మదగిన అంకెలు ఏడే. భూకేంద్రం నుంచి మనం నిలబడ్డ నేల దాదాపు 63 లక్షల 78 వేల మీటర్లు. ఏడంకెలూ అక్కడికే ఖర్చైపోతాయి. ఇక మిగిలేది అరమీటరు మెట్టు. చేయి కదిపితే అరమీటరు చొప్పున ఎగిరెగిరి పడుతుంది, గోడలు వణుకుతాయి. దీనికి కనిపెట్టిన ఉపాయం తమాషాగా ఉంటుంది. మనిషి లోకంలో నడవడు, మనిషి కాళ్ల కిందికి లోకమే జరుగుతుంది. సున్నా బిందువును ఎప్పటికప్పుడు ఆటగాడి దగ్గరికి తెచ్చి మిగతా ప్రపంచాన్ని దాని నుంచి కొలుస్తారు.

భూమిని పలకలుగా కోయడం ఇంకో ఉపాయం. 2005 ఫిబ్రవరిలో వచ్చిన గూగుల్ మ్యాప్స్ ప్రపంచపటాన్ని 256 చుక్కల పొడవు, 256 చుక్కల వెడల్పు ఉన్న చదరాలుగా అందించింది. మొత్తం ప్రపంచం ఒకే చదరంలో ఇమిడేది సున్నా మెట్టు. ఒక్కో మెట్టు దిగేకొద్దీ ప్రతి చదరం నాలుగవుతుంది. 18వ మెట్టుకు వచ్చేసరికి దాదాపు 6,872 కోట్ల చదరాలు. మీ ఫోన్ అందులో మీరు చూస్తున్న పదో పాతికో మాత్రమే తెప్పించుకుంటుంది. ఆటలూ ఇదే పద్ధతి పట్టాయి. మీ చుట్టూ ఉన్న నేల పూర్తి వివరంగా, దూరపు కొండ మాత్రం మొరటుగా. మీరు దగ్గరయ్యేకొద్దీ దానికి మెరుగులు దిద్దుతారు.

రెండంతస్తుల ఇల్లు 212 అంతస్తులైంది

పటంలో చిన్న తప్పు దొర్లితే దారి తప్పుతాం, అంతే. పటం నుంచి లోకాన్నే పుట్టిస్తే అదే తప్పు ఆకాశాన్నంటుతుంది. ఇది అతిశయోక్తి కాదు, ఆస్ట్రేలియాలో జరిగింది.

2020 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ కొత్త ‘ఫ్లైట్ సిమ్యులేటర్’ను విడుదల చేసింది. భూమ్మీద ఎక్కడికైనా విమానం నడుపుకుంటూ పోవచ్చు. ఆ భూమి బింగ్ మ్యాప్స్ ఉపగ్రహ చిత్రాల నుంచి వచ్చింది, పరిమాణం 2 పెటాబైట్లకు పైమాటే. పై నుంచి తీసిన ఫోటోలో ఇంటి కప్పు కనిపిస్తుంది గానీ ఎత్తు తెలియదు. ఆస్ట్రియాలోని బ్లాక్‌షార్క్ సంస్థ కృత్రిమ మేధతో కప్పుల ఆకారాలు గుర్తించి, వివరాలు ఊహించి దాదాపు 150 కోట్ల భవనాలను నిలబెట్టింది. ఎత్తు వివరం ఎక్కడైనా దొరికితే అది వాడుకుంది. అలాంటి వివరాలు దొరికే చోట్లలో ముఖ్యమైనది ‘ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్’. 2004లో బ్రిటన్‌లో మొదలైన ఈ పటాన్ని వికీపీడియాలాగే వాలంటీర్లు రాస్తారు, దిద్దుతారు.

ఆట వచ్చిన కొద్ది రోజులకే మెల్‌బోర్న్ మీద ఎగురుతున్నవాళ్లు ఫాక్నర్ అనే శివారులో ఓ వింత చూశారు. చుట్టూ పెంకుటిళ్లు, మధ్యలో సన్నగా, నిటారుగా మేఘాలను చీల్చుకుపోయే ఒంటిస్తంభపు మేడ. కూపీ లాగితే సంగతి తేలింది. ఏడాది కిందట ఓ విద్యార్థి కాలేజీ పని కోసం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అక్కడి భవనాల వివరాలు నింపాడు. ఓ ఇంటికి అంతస్తులు 2 అని కొట్టబోతే 212 పడింది. తర్వాత వేరే వాలంటీరు దాన్ని సరిచేశాడు కూడా. కానీ ఆట తయారీకి తీసుకున్నది అంతకుముందటి ప్రతి. ఒక్క మీట పొరపాటు కాస్తా అంతస్తుల లెక్కలో బూర్జ్ ఖలీఫాను తలదన్నే బురుజైంది. దాని పైకప్పు మీద విమానం దింపడం ఆటగాళ్లకు కొన్నాళ్లు సరదా అయిపోయింది. అదే ఆటలో లండన్ బకింగ్‌హాం రాజప్రాసాదం మామూలు ఆఫీసు భవనంగా కనిపించి బ్రిటన్‌వాళ్లను నొప్పించింది.

పటంలో ఎవరి వీధి ఉంది?

లోకాన్ని పటంగా మార్చడం, పటాన్ని లోకంగా మార్చడం చూశాం. మూడో మార్గం ఆ రెంటినీ ఒకదాని మీద ఒకటి పరచడం. ఈ కథలో ముఖ్యుడు జాన్ హాంకే. ఆయన నడిపిన ‘కీహోల్’ కంపెనీని 2004లో గూగుల్ కొనేసింది. మరుసటి ఏడాది కీహోల్ సాఫ్ట్‌వేర్ ‘గూగుల్ ఎర్త్’గా జనంలోకి వచ్చింది. తర్వాత ఆయన గూగుల్ లోపలే ‘నియాంటిక్’ను మొదలుపెట్టి, 2012 చివర్లో ‘ఇంగ్రెస్’ అనే ఆట తెచ్చారు. విగ్రహాలు, గుళ్లు, గోడచిత్రాలు, పాత కట్టడాల దగ్గరికి నిజంగా నడిచి వెళ్తేనే ఆట ముందుకు సాగుతుంది. అలా ఆటగాళ్లు గుర్తించి పంపిన చోట్లే అదే సంస్థ 2016 జులైలో తెచ్చిన ‘పోకెమాన్ గో’ అనే ఊహాజంతువుల వేటాటకు మజిలీలయ్యాయి.

ఆ మజిలీల పరంపర తవ్వితే ఓ సామాజిక పటం బయటపడింది. ఇంగ్రెస్ ఆడినవాళ్లలో ఎక్కువమంది డబ్బూ తీరికా ఉన్న నగరవాసులు. వాళ్లకు తెలిసిన పేటలే పటానికెక్కాయి. 2016లో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు వాషింగ్టన్ నగరంలో లెక్కపెడితే, తెల్లవారు ఎక్కువగా ఉండే పేటల్లో సగటున 55 చోట్లు, నల్లవారు ఎక్కువగా ఉండే పేటల్లో 19 చోట్లు తేలాయి. ఎవరూ కావాలని వివక్ష చూపలేదు. పటం గీసేవాడి కాళ్లు ఎక్కడ తిరిగాయో పటం అక్కడే నిండింది, అంతే.

ఇంకో గొడవ కూడా రేగింది. ఒక స్థలం మీద కంటికి కనబడని బొమ్మను నిలబెట్టే హక్కు ఎవరిది? వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ స్మారక మ్యూజియం తమ దగ్గర ఆట ఆడొద్దని వేడుకుంది. మన దేశంలో 2016 సెప్టెంబరులో గుజరాత్ హైకోర్టుకు ఓ ప్రజాప్రయోజన వ్యాజ్యం వెళ్లింది. గుళ్ల దగ్గర ఆటలో గుడ్లు దొరుకుతున్నాయని, అది భక్తుల మనోభావాలను గాయపరుస్తుందని పిటిషనరు వాదన. అమెరికాలో ఇంటి యజమానులు కోర్టుకెక్కారు. 2019లో కుదిరిన రాజీ ప్రకారం, యజమాని కోరితే ఇంటికి 40 మీటర్ల లోపున్న మజిలీలను తొలగించడానికి కంపెనీ ఒప్పుకుంది. తెర మీది స్థలానికి, సర్వే నంబరున్న స్థలానికి మధ్య ఓ హద్దు గీత అలా పడింది.

2017 డిసెంబరులో పోకెమాన్ గో తన పటాన్ని గూగుల్ నుంచి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కు మార్చింది. కొన్ని జంతువులు పార్కుల్లోనే దొరుకుతాయని తెలిసిన కొందరు తమ ఇంటి పక్కనే దొంగ పార్కులు గీయడం మొదలుపెట్టారు. వాటిని వెదికి చెరపడం వాలంటీర్లకు అదనపు పనైంది. కానీ ఆ ఆట కోసం వచ్చినవాళ్లలోనే కొందరు పటం గీయడం నేర్చుకుని, తమ ఊరి కాలిబాటలు, చెరువులు బుద్ధిగా చేర్చారు.

ఆటలోంచి శాస్త్రంలోకి

ఈ లోకాలు నిజమైన శాస్త్రానికీ పనికొచ్చాయి. 2005 సెప్టెంబరులో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆటలో ఓ రాక్షసుడి శాపం అంటువ్యాధిలా బయటికి పాకింది. అది ఆ రాక్షసుడి స్థావరంలోనే ఉండాల్సింది. ఆటగాళ్ల పెంపుడు జంతువుల ద్వారా నగరాలకు చేరి వీధులను శవాలతో నింపింది. కొందరు అడవులకు పారిపోయారు, కొందరు రోగులకు వైద్యం చేయబోయి తామే అంటించుకున్నారు, ఇంకొందరు కావాలనే తిరిగి అంటించారు. జనసమ్మర్దం, ప్రయాణ మార్గాలు, భయం కలిసి వ్యాధిని ఎలా మోసుకుపోతాయో ఇందులో కనబడుతుందని 2007లో ఇద్దరు పరిశోధకులు ‘లాన్సెట్’ అంటువ్యాధుల పత్రికలో రాశారు. పదమూడేళ్ల తర్వాత కోవిడ్ వచ్చినప్పుడు ఆ వ్యాసాన్ని మళ్లీ చాలామంది బయటికి తీశారు.

ఐక్యరాజ్యసమితి ఆవాస విభాగం 2012 నుంచి మైన్‌క్రాఫ్ట్ తయారీదారులతో కలిసి ‘బ్లాక్ బై బ్లాక్’ అనే కార్యక్రమం నడుపుతోంది. నైరోబీ మురికివాడ కిబెరాలో మొదలుపెట్టారు. ఇంజినీరు గీసిన ప్లాను చూసి అర్థం చేసుకోవడం అందరికీ వచ్చే విద్య కాదు. అదే స్థలాన్ని ఆటలో ఇటుకలతో చూపిస్తే బడి పిల్లలూ గృహిణులూ ఎక్కడ దీపం కావాలో, ఎక్కడ మరుగుదొడ్డి ఉండాలో, ఏ మూల చీకటని భయమో తామే కట్టి చూపించారు. పటం మీద మాట్లాడే హక్కు అధికారి చేతి నుంచి వాడకందారుడి చేతికి కొంతైనా మారింది.

మన వీధి సంగతి

పటాల విద్య తెలుగునేలకు కొత్త కాదు. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ఆధారరేఖ కొలిచి మొదలుపెట్టిన మహా త్రికోణమితీయ సర్వే దక్కను మీదుగానే ఉత్తరానికి సాగింది. ఉపగ్రహ చిత్రాలకు దేశానికి కేంద్రమైన జాతీయ దూరగ్రాహక సంస్థ హైదరాబాద్ బాలానగర్లో ఉంది. 2009లో ఇస్రో తెరిచిన ‘భువన్’ పటాల వేదిక తయారైంది అక్కడే. సామాన్యులే తమ ఊరి పటం గీసుకునేలా 2008లో గూగుల్ ‘మ్యాప్ మేకర్’ను తెచ్చినప్పుడు దాని సృష్టికర్తల్లో ముందున్నది లలితేశ్ కాట్రగడ్డ. 2021 ఫిబ్రవరిలో కేంద్రం పటాల మీద ఆంక్షలు సడలించింది. 2022 జులైలో వీధుల ఫోటోలు చూపే గూగుల్ స్ట్రీట్ వ్యూ పది భారతీయ నగరాలతో మొదలైంది, వాటిలో హైదరాబాద్ ఒకటి.

వీధి వీధినా కెమెరా కారు తిరిగిన నగరం సంగతి సరే, మరి పల్లె మాటేమిటి? రేపు వచ్చే ఆటలు, బడి పిల్లలు కళ్లద్దాలు పెట్టుకుని తిరిగే పాఠాలు, వరదొస్తే ఏ పేట ముందు మునుగుతుందో చూపే నమూనాలు అన్నీ ఈ పటాలనే నేలగా వాడుకుంటాయి. పటంలో లేని ఊరి చోట కంప్యూటర్ తనకు తోచింది పెడుతుంది. పచ్చిక పరుస్తుంది, లేదా చదునుచేసి వదిలేస్తుంది. ఊరి చెరువు, బడి, పీహెచ్‌సీ, రచ్చబండకు పోయే సందు, వాగు మీది కల్వర్టు, ఇవన్నీ మనకు తెలుసు. దూరంగా కూర్చున్న ఏ కృత్రిమ మేధకూ తెలియవు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఖాతా తెరవడానికి పైసా ఖర్చులేదు. ఒక్కో చోటికి తెలుగు పేరు రాయడానికి విడిగా గడి కూడా ఉంది. ఈ ఆదివారం మీ ఊరిని అందులో వెదికి చూడండి. లేని వీధి గీయండి, తప్పుపడ్డ పేరు దిద్దండి, తెలుగు పేరు చేర్చండి. అంతస్తుల సంఖ్య రాసేటప్పుడు మాత్రం సేవ్ నొక్కేముందు ఇంకోసారి సరిచూసుకోండి.